అన్నం కుండకి నీసు తగిలిన రోజు

పేరంటాలని, పడవోళ్ళ పిల్లంట. వాళ్ళ నాన్న కాలవలో కొబ్బరికాయలు మోసే పడవ నడిపేవోడు. ఆ పిల్ల పుట్టింది పడవలోనే, నడక నేర్సింది పడవలోనే, మరి వంటెక్కడ నేరుస్తాది? అదీ అక్కడే. పడవలో ఏముంటాదే మీ మొహం, ఒక మట్టిపొయ్యి, ఒక కుండ. అన్నం అందులోనే, సేప అందులోనే, గట్టు మీద దొరికిన ఆకో అలవో అదీ అందులోనే. అలాంటి పిల్లని తెచ్చి మొగ దగ్గిర పల్లెలో ఇచ్చారు. మొగంటే తెలుసుగా, గోదారి ఎళ్ళి సముద్రంలో పడే సోటు. అక్కడ సూరమ్మని అత్త. అమ్మో, సూరమ్మంటే సూరమ్మే! ఆవిడింట్లో అన్నం కుండ వేరు, సేపలొండే నీసు దాక వేరు. అన్నం కుండంటే లచ్చిందేవంట. దానికి పసుపు రాసి బొట్టెడతాదంట. దానికి నీసు తగిలిందా, ఇంట్లో గింజ నిలవదంట. కాపరానికొచ్చిన మర్నాడే ఈ పిల్ల తెలీక సేప కడిగిన సేత్తోనే కుండ మూత తీసింది. ఇంకేముంది, సూరమ్మ అందుకుంది. "పడవలో పుట్టినదానికి ఇల్లూ వాకిలీ ఏం తెలుస్తాయే! అన్నానికీ నీసుకీ తేడా తెలీని సంతని తెచ్చి నా నెత్తినెట్టారు!" అని ఈదంతా ఇనబడేలాగ. అప్పుడు మావ తాతబ్బాయి అరుగు మీంచి, ఊరుకోవే, కొత్త పిల్ల, కుండ కడిగితే పోద్ది, మాటంటే పోదు, అన్నాడంట. ఆ ఒక్క మాటకి పేరంటాలుకి ఆ మావంటే పేణం అనుకో.

వల ఆపేసి నా మొహం సూత్తారేంటి, అల్లుతా ఇనండి. సేతులాగితే నా నోరూ ఆగుద్ది.

ఏమైందంటే, ఆ తాతబ్బాయి ఆ పల్లెలో పెద్ద నావకి సుక్కాని పట్టే మనిషి. మొగలో ఇసక మేటలు ఇయ్యాలొక సోటుంటాయి, రేపొక సోటుంటాయి. అల ఎక్కడ ఇరుగుద్దో సూసి నావని తిప్పడం అందరివల్లా అవుతాదా? అతనికొక్కడికే తెలుసు. అలాంటోడికి పచ్చకామెర్లొచ్చాయి. నూనొద్దు, కారవొద్దు, పులుపొద్దు, జావ తాగు, మళ్ళీ జావ తాగు. రోగం పోయింది గానీ దాంతోపాటే నాలిక్కూడా సచ్చిపోయింది. వైద్దిగుడొచ్చి నాడి సూసి, ఇంక భయం లేదు, మెత్తగా అన్నం పెట్టండి, సేప పెట్టండి, నూనే కారం మటుకు తగ్గించి పెట్టండి అని సెప్పి ఎళ్ళాడంట. పెడితే తింటాడా! కూడు ఎదరెడితే మొహం అటు తిప్పేసేవోడు. మనిషి గుంజలాగ అయిపోయాడు.

అయితే వాళ్ళ పల్లెలో ఒక రివాజుంది. ఏటా మొదటిసారి పెద్ద నావ మొగ దాటేముందు, సుక్కాని పట్టేవోడు ఇసకలో కూకుని, నావ ఎక్కే మగోళ్ళందరి ఎదరా ఇస్తరి నిండా కూడు తినాలి. తిని, ఆకు మడిసి, లెగాలి. ముద్ద దిగనోడి సేతిలో మా పేణాలెలా పెడతాం అంటారు. తినలేక ఆకు మడిసేశాడా, సుక్కాని ఇంకోడిది. ఒకసారి సెయ్యి మారిందా, మళ్ళీ ఎనక్కి రాదు. ఆ ఇంకోడెవడంటే సూరమ్మ తమ్ముడే, గవర్రాజని. సెడ్డోడని కాదు, పాపం, కుర్రతనం నించీ సుక్కాని మీదే వాడి కన్ను. ముందురోజు సాయంత్రం తాతబ్బాయి కోడల్ని పిలిసి, "అమ్మాయ్, రేపు నా వల్ల కాదేమోనే. సుక్కాని పోయాక నేనీ అరుగు మీద కూకుని ఎవరి కోసం బతకాలే?" అన్నాడంట. కళ్ళంట నీళ్ళు. పేరంటాలు సెంబుతో నీళ్ళందించి, ఊరుకో మావయ్యా, రేపు తింటావ్, నేను సెప్తన్నాగా, అంది గానీ ఎలా తినిపించాలో దానికీ తెలీదు.

తెల్లారింది. సూరమ్మ సెంగు బిగించింది. ఏళ్ళ తరబడి మొగుడు లొట్టలేసుకుని తిన్న పులుసు, ఎర్రగా, నూనె తేలతా, కారం నషాళానికంటేలాగ, అది వాసన సూత్తే సచ్చినోడైనా లెగుత్తాడని ఆవిడ నమ్మకం. పేమే అనుకో, కాదని ఎలా అంటాం? పేరంటాలు మెల్లిగా, "అత్తా, మావయ్యకి అంత కారం పడదేమో," అంది. "ఓసి నీ తెలివి తెల్లారా! నా మొగుడికేం పడుద్దో నువ్వు సెప్తావా నాకు?" అనేసి, మొగుణ్ణి తీసుకుని, నీసు దాక నెత్తినెట్టుకుని, వండిన అన్నం గిన్నెలోకి తీసి సంకనెట్టుకుని ఇసక మీదకి ఎళ్ళిపోయింది. అక్కడే పొయ్యెట్టి జనం సూత్తండగా వండాలని.

పేరంటాలు మొగుడు అప్పటికే మగోళ్ళతో నావకాడికెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలిందేంటి? పేరంటాలు, పొద్దున్నే కాలవ గట్టున అడిగి తెచ్చుకున్న కొరమీను ఒకటి. అది ఇంకా తోకాడిస్తంది. వండుదామంటే దాక లేదు. ఉన్నది అన్నం కుండొక్కటే, బొట్టెట్టుకుని కూకునుంది. పేరంటాలు దాని ముందు కూకుని సూత్తందంట. ఇందులో సేపేశానా, ఇయ్యాల్టితో నా కాపరం సరి, అనుకుంది. ఎయ్యకపోతేనో, మావ బతుకు సరి. లెగిసి కుండకి దణ్ణం పెట్టుకుని, "తల్లీ, నువ్వు నిజంగా లచ్చివయితే మనిషిని తినిపిస్తావు గానీ కోప్పడతావా?" అని, పొయ్యి మీదకెక్కించేసింది!

ఎలా వండిందో ఇనండి, మీకూ పనికొత్తాది. కొరమీనుని బూడిదేసి రుద్ది, జిగురంతా పోయేదాకా కడిగి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ దంచిన మిరియం పట్టించి పక్కనెట్టింది. కుండ అడుగున సెంచాడంటే సెంచాడే నూనె, అందులో ఉల్లిపాయలు, నలక్కొట్టిన అల్లం, గుప్పెడు సింతసిగురు, గుప్పెడు మునగాకు. అయి మగ్గేక దంపుడు బియ్యం కడిగి పోసి సరిపడా నీళ్ళేసింది. అన్నం ఉడికి, నీళ్ళు లోపలకి లాక్కుని, పైన సిల్లులు పడతాయి సూడండి, అప్పుడా సేప ముక్కలు అన్నం మీద పరిసింది. పైన అరిటాకు కప్పి, మూతెట్టి, మూత మీద నాలుగు నిప్పులేసింది. ఇంక గరిటెట్టలేదు. గరిటెడితే సేప సితికిపోద్ది. మూత తియ్యలేదు. మూత తీత్తే ఆవిరి పోద్ది. మీలాగ నిమిషానికోసారి తీసి సూసే రకం కాదది. కింద పొయ్యార్పేసి, పైన నిప్పులు సల్లారేదాకా అలాగే కూకుంది. సేపలో ఉన్న సారమంతా అన్నంలోకి దిగింది, అన్నం ఆవిరంతా సేపకి పట్టింది. నిప్పులు దులిపేసి, సుట్టకుదురెట్టుకుని, కుండ నెత్తినెత్తుకుని ఒకటే పరుగంట.

అక్కడ ఇసకలో ఏమైందంటే, అందరూ సుట్టూ నిలబడ్డారు. సూరమ్మ అన్నం వడ్డించింది, పులుసు పోసింది. తాతబ్బాయి ముద్ద కలిపేడు, ఎత్తేడు. ఘాటు ముక్కుకి తగిలి పొలమారిపోయింది. దగ్గీ దగ్గీ కళ్ళెర్రబడ్డాయి. మళ్ళీ ఎత్తేడు. ముద్ద నోటికాడికెళ్ళి ఎనక్కొచ్చేసింది. గవర్రాజు గొంతు సవరించుకుని, "పోన్లే బావా, ఈ ఏడు నేను సూసుకుంటాను, నువ్వు ఇంటికాడ కూకో," అని నావ కేసి నడిసేడు. తాతబ్బాయి తల దించుకుని, ఆకు అంచు పట్టుకున్నాడు, మడిసేద్దావని.

"మావయ్యా, మడవకు!"

పేరంటాలు! రొప్పుతా ఒచ్చి కుండ దింపింది. సూరమ్మ సూసింది. "ఓసి నీ సేతులిరగ! నా అన్నం కుండలో నీసా! కొంప ముంచేశావే!" అని గుండెలు బాదుకుంది. గవర్రాజు ఎనక్కి తిరిగి, ఒకసారి తినలేకపోయేక మళ్ళీ వడ్డనేంటి, ఇదెక్కడి రివాజు, అన్నాడు. కొత్త కోడలు, అంతమంది మగోళ్ళ ఎదర ఎప్పుడూ నోరిప్పలేదు. ఇప్పుడు మటుకు తలెత్తి, "ఆకు మడిసేక కదా లెక్క! మావయ్య ఇంకా మడవలేదు. నన్ను తరవాత తిట్టండి, కొట్టండి, పుట్టింటికంపండి. ముందు ఆ మనిషిని తిననివ్వండి," అనేసి మూత తీసేసింది.

ఏం వాసనమ్మా అది! నాలుగు దిక్కులా ఒకేసారి ముక్కులు తిరిగాయి. సింతసిగురు పులుపు, అల్లం, ఆకు కింద మగ్గిన సేప. తాతబ్బాయి మెడ ఎత్తేడు. పులుసన్నం పక్కకి జరిపి, ఆకులో సోటు సూపించేడు. పేరంటాలు వడ్డించింది. ఒక ముద్ద. గొంతులో దిగింది. అందరూ ఆ గొంతు కేసే సూత్తన్నారు. రెండో ముద్ద. మూడోదానికి, "ఇంకొంచెం పెట్టమ్మా," అన్నాడు! అనేసరికి నావోళ్ళు గోలెత్తేశారు, "ఏయ్, ఎయ్ మావా, ఎయ్!" అని. ముల్లు ఏరతా, ఏలు నాకతా, కుండ దగ్గిరికి లాక్కుని అడుగున మాడు కూడా గోకించుకు తిన్నాడు. తిని, ఆకు మడిసి, మోకాలి మీద సెయ్యేసుకుని లెగిసేడు. ఆ లెగడం సూడాలి! ఎళ్ళి సుక్కాని మీద సెయ్యేశాడు. గవర్రాజు మొహం మాడ్సుకున్నా, మర్యాదస్తుడు, పక్కకి తప్పుకుని, "ఎక్కు బావా," అన్నాడు. నావ నీళ్ళలోకి దిగింది. మొగలో అల కొండలాగ లెగిసింది. తాతబ్బాయి పళ్ళు బిగించి తిప్పేడు సూడు, నావ అల మీద ఎక్కి అవతలకి దిగిపోయింది. ఒడ్డున ఒకటే ఈలలు, కేకలు. పేరంటాలు రెండు సేతులూ పైకెత్తి గంతులేసిందంట, కొత్త కోడలన్న సిగ్గు కూడా లేకుండా.

గోలంతా అణిగేక ఎనక్కి తిరిగి సూత్తే, సూరమ్మ ఇసకలో సతికిలబడి కూకునుంది, ఒళ్ళో కుండ. పేరంటాలు రెండడుగులు ఎనక్కేసింది, ఇప్పుడింక కుండ నా నెత్తి మీద పగలగొడతాదని. సూరమ్మ కళ్ళొత్తుకుంది. కుండలో సెయ్యెట్టి, అంచున అంటుకున్న నాలుగు మెతుకులు ఏరి నోట్లో ఏసుకుంది. నమిలింది. మళ్ళీ సెయ్యెట్టి ఏమన్నా మిగిలిందేమోనని తడిమింది. కోడలి కేసి సూడకుండా, "ఉప్పు తగ్గిందే," అంది.

ఇంకేం కావాలే! అత్త నోట ఉప్పు తగ్గిందనే వంక తప్ప ఇంకోటి దొరకలేదంటే, కోడలికి గజమాలేసినట్టే అనుకో. నాకూ ఉందిగా ఒక కోడలు, నేనూ దానికి అదే సెప్తాను. బాగుందంటే నెత్తికెక్కుద్ది. ఇదిగో, లోపల ఏం వండుతుందో గానీ వాసన మటుకు బాగానే ఒస్తంది. లెగండి లెగండి, మీరెళ్తే నేను పోయి తింటాను.