బొమ్మ ఫోన్లు నిద్రపోవు

అదేంటి బాబాయ్, నేను తిరిగిచ్చినప్పుడు లేని ఫారం ఇప్పుడు నేనడిగితే ఎక్కణ్ణుంచి ఊడిపడింది? కొత్తవి అడిగానా? మీ స్టోరు బీరువాలో అడుగున పడున్న ఆ ఎనిమిది ఫోన్లే. గాజు పగిలినవైనా సరే. పాతవైతే మరీ మంచిది.

మేనేజర్ సంతకమా? ఆయన సెలవులో ఉన్నారు. నాలుగింటికి మా యాప్ కొత్త వెర్షన్ జనంలోకి వెళ్లిపోతుంది. అసలు ఫోన్లో అలారం మోగడం లేదని చూపిస్తేనే ఆపుతారట. పన్నెండు దాటింది. ఫోన్‌ని గంటసేపు కదపకుండా ఉంచితే గానీ తేలదు.

నా ఫోనా? కొత్తది, మోగుతోంది. మా అమ్మాయిది నిన్న పడి ముక్కలైంది.

కూర్చోలేను బాబాయ్. పొద్దుట్నుంచీ ఇలాగే తిరుగుతున్నా.

మందుల యాప్ కదా మాది. వేళకి మోగి మాత్ర వేసుకోమంటుంది. అది మోగుతోందో లేదో చూడటమే నా ఉద్యోగం.

మా అమ్మాయికి మూర్ఛ ఉందని మీకు తెలుసుగా. పొద్దున ఎనిమిదికొకటి, రాత్రి ఎనిమిదికొకటి. ఐదేళ్లు నేనే గుర్తుచేశా. "ఎన్నాళ్లు అరుస్తావమ్మా, నీ యాప్ పెట్టుకుంటాలే" అంది. పెట్టుకుంది. నేనూ అరవడం మానేశా. "మా అమ్మ చూసి సరేనంటేనే ఆ యాప్ బయటికొస్తుంది" అని స్నేహితురాళ్ల దగ్గర గొప్పలు కూడా పోయిందట.

మొన్న రెండు పూటలా మోగలేదు. నిన్న కాలేజీ మెట్ల మీద పడిపోయింది.

ఆ... బాగానే ఉంది. నుదుటి మీద ఏడు కుట్లు. కళ్లు తెరిచి మొదట ఏమడిగిందో తెలుసా? "అమ్మా, నీ కంప్యూటర్లో మోగిందా?"

మోగింది! ఎందుకు మోగదు? తెర మీది బొమ్మ ఫోన్లు ఆరూ మోగాయి!

ఆ కంప్యూటర్ మోసుకొచ్చింది మీరే. పాతదానికి ఎనిమిది జీబీ మెమరీ. తెర మీద ఒక్క బొమ్మ ఫోన్, అదే అసలు ఫోన్‌లా నటించే ప్రోగ్రాం, తెరిస్తే చాలు, ఫ్యాన్ గోల, మౌస్ నత్తనడక. పోట్లాడి ముప్పై రెండు జీబీది తెప్పించుకున్నా. దర్జాగా ఆరు బొమ్మ ఫోన్లు పక్కపక్కనే. ఇక ఈ డబ్బాలెందుకని అసలు ఫోన్లు మీ చేతిలో పెట్టిందీ నేనే. సొరుగు ఖాళీ అయిందని సంబరపడ్డా.

బొమ్మ ఫోన్‌కి ఛార్జి తగ్గదు బాబాయ్. ఎప్పుడు చూసినా వందే. తగ్గించి చూసే వీలుంది, నిజమే. ఎవరు చూశారు? అసలు ఫోన్ బ్యాగులో అడుగున పడుంటుంది. కదలకపోతే బ్యాటరీ మిగుల్చుకోవాలని నిద్రపోతుంది. పోతూ పోతూ మన యాప్‌ని కూడా జోకొడుతుంది.

ఏంటలా చూస్తారు? తప్పు ప్రోగ్రాం రాసినవాళ్లదంటారా? అందరూ అదే అంటున్నారు. మా ఆయన కూడా. పోనీ అలాగే అనుకుందామంటే...

ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యండి.

మూడు వారాల కిందట ఒకాయన ఫిర్యాదు రాశాడు. గుండె మాత్ర వేళకి ఫోన్ మోగలేదని. పెద్దాయనలా ఉన్నాడు, వాక్యానికో 'దయచేసి' పెట్టాడు. ఆరు బొమ్మ ఫోన్లలోనూ చూశా. మోగాయి. 'ఇక్కడ బాగానే మోగుతోంది, మీ ఫోన్ పాతది' అని రాసి ఆ ఫిర్యాదు మూసేశా. లేచి టీకి వెళ్లా.

ఆయన మళ్లీ రాయలేదు.

ఆయన నంబరుంది. ఇవాళ మూడుసార్లు నొక్కా. అటు మోగకముందే కట్ చేశా. ఎవరెత్తుతారో, ఏం చెబుతారో...

నిజం చెప్పనా బాబాయ్? పడింది మా పిల్ల కాకపోయుంటే, నేనివాళ మీ గుమ్మం తొక్కేదాన్నే కాదు.