సోమవారం తేదీ వేసిన శనివారం

అట్లా తల పట్టుకోని కూర్చుంటే పని జరుగుతాదా మామా? లే. ఆ ఫోను ఇట్లా జరుపు. నువ్వు పేర్లు చెప్పు, నేను ఒక్కొక్కరికే చేస్తా. బిల్లు వేసింది నేనైనా, కౌంటర్లో నిలబడి వచ్చినోళ్ళతో మాట్లాడింది నువ్వే కదా!

ఏందీ, జ్ఞాపకం రాటం లేదా? అయ్యో సామీ! మా అమ్మ పెండ్లికి ఎవురు ఏ రంగు చీర పెట్టినారో ఇప్పటికీ చెప్తావు. పోయిన వారం జ్వరం సిరప్పు ఎత్తుకపోయినోళ్ళు మాత్రం గుర్తు లేరా?

సరి, సరి. అరవను. అత్త ఎదర అయితే మీరూ గీరూ అంటా, కోడలి మాదిరి ఒద్దికగా ఉంటా. ఈడ అంగట్లో నువ్వు నా మేనమామవి, నేను నీ నందితను. ఈ దినం నా నోటికి అడ్డం రావద్దు.

పొద్దున కంపెనీ వాడు ఫోన్లో ఏమన్నాడో నువ్వూ విన్నావు. ఆ బ్యాచి పిల్లల సిరప్పు ఇంక ఒక్క సీసా కూడా అమ్మగూడదంట. ఏదో వేరే ఊర్లో అది తాగిన పిల్లోళ్ళు ఇద్దరు ఆసుపత్రిలో పడుండారంట. ఒంటికి పోవటం ఆగిపోయిందంట. పసిబిడ్డలు మామా!

మన గోడౌన్లో మిగిలింది రెండు అట్టపెట్టెలు. హోల్‌సేల్లో అమ్మేసిన తక్కినదంతా యాడుండాది? ఏ అంగడి బీరువాలో ఉండాది? ఏ ఇంట్లో ఏ తల్లి చెంచాలో పోస్తా ఉండాది? అదే కదా ఇప్పుడు తెలియాల్సింది.

చెప్పాల్సిన కంప్యూటర్ చచ్చి కూర్చోనుంది. స్విచ్చి వేస్తే లోపల ఫ్యాను తిరుగుతాది. తెర మాత్రం నల్లగానే ఉంటాది.

దాని లోపల ఎంత పొందికగా పెట్టుకున్నానో నీకేం తెలుసు! అంగడికొక ఫోల్డరు, దాంట్లో నెలకొకటి. ఏ బ్యాచి ఏ దినం ఎవురికి పోయిందో అడిగితే నువ్వు తుమ్మే లోపల చెప్పేసేది. పాత బిల్లు బుక్కులే ఉండుంటే కార్బన్ కాపీలైనా మిగిలుండేవి. కంప్యూటర్ వచ్చినాక ఇంక రెండో కాగితం ఎందుకు అన్నది నేనే. ఒప్పుకుంటా, ఆ మాట నాదే.

అంగళ్ళకు సరుకు చేర్చే కన్నియప్పన్‌ను పంపించినా. వాడు పాపం, ట్రైసైకిల్ యాడాడ ఆపినాడో చెప్తాడు. పెట్టెలో ఏముందో వానికెట్లా తెలుస్తాది? నీ కొడుకు స్కూటర్ ఎత్తుకోని మీంజూరు పక్క పోయినాడు, కనపడిన ప్రతి మెడికల్స్‌లోనూ దిగి బీరువా చూసుకోండయ్యా అని చెప్పుకుంటా పోతాడు. మరి కౌంటర్లో కొని సంచిలో వేసుకోని పల్లెలకు పోయిన ఆరెంపీ డాక్టర్లో? వాళ్ళను ఏ దారిలో పోయి వెతికేది?

ఫ్లాపీలా? ఇంకా ఫ్లాపీలని అడుగుతావా!

దినమూ సాయంత్రం షట్టర్ దించే ముందు ఆరు ఫ్లాపీల్లో నకలు తీసి పెడతా ఉండా. ఒక్కనాడు తప్పలా. ఆరూ వరసగా చదివితేనే లోపలిది బయటికి వస్తాది. మన కంప్యూటర్ రిపేరు చూసే గిరి నిన్న మన మిషన్ లేపలేక, ఈ పొద్దున ఇంకొక మిషన్ తెచ్చి వేసి చూసినాడు. మూడు చదివింది. నాలుగోది గుర్రు గుర్రుమని ఆడనే నిలిచిపోయింది. గిరి ఆ ఫ్లాపీ మూతి మీదుండే రేకు పక్కకు జరిపి చూస్తే లోపల ఎర్రగా కుంకం!

ఉగాదికి నువ్వు పెట్టిన బొట్టు అది, ఎండి రాలి ఇప్పుడు లోపలికి దిగింది. మానిటర్‌కు పెట్టినావు, కీబోర్డుకు పెట్టినావు, ప్రింటర్ మూతి మీద కూడా పెట్టినావు. ఫ్లాపీల జోలికి పోవద్దు మామా అంటే వింటివా? 'లక్ష్మి ఉండేది దాంట్లోనే కదమ్మా' అని గంధం తడితో సహా అద్దినావు. ఇంకొక పెట్టె ఫ్లాపీలు కొందాము, ఒక దినం ఇవీ ఒక దినం అవీ మార్చి మార్చి వాడుకుందాము అంటే, 'ఉండేవి అరిగిపోయినాయా' అంటివి.

ఇంక ఆ పంచాంగం సీడీ! నీ సావాసగాడు కోదండరాం యాడనో కాపీ కొట్టి తెచ్చి ఇచ్చినాడు. తిథులు చూసుకోవాల, ఎక్కించి తీరాల అని ఒకటే పోరు పెట్టినావు. వైరస్ దాంట్లో నుంచే వచ్చుంటాదని గిరి అంటాడు. మంచి దినం చూపించేదానికి తెచ్చిన సీడీ మామా అది.

శనివారం సంగతా? నేను ఎత్తలేదే. నువ్వే ఎత్తినావు.

పురసవాక్కంలో కొత్త మెడికల్స్ తెరిచే బాలసుందరం తొలి సరుకుకు వచ్చినాడు. ఆ దినం నవమి. 'తొలి బిల్లు నవమి నాడు వేస్తే ఎట్లమ్మా? మిషన్లో సోమవారం తేదీ పెట్టేసెయ్యి, ఏకాదశి, దివ్యంగా ఉంటాది' అంటివి. ఆయనా సంతోషంగా తలూపినాడు. పెట్టినా. బిల్లు ప్రోగ్రాం తెరిచినా. తెర బిగుసుకపోయింది. మళ్ళీ లేవలా.

ఈ దినం చూస్తా ఉండావు కదా, నిజంగా సోమవారం, ఇరవై ఆరో తేదీ. పొద్దుననుంచి గిరి నడుముకుండే పేజర్ నిలవకుండా కొట్టుకుంటా ఉంది. యాడ చూసినా కంప్యూటర్లు పడిపోతా ఉండాయంట. ఆ వైరస్ ఇరవై ఆరు వచ్చేదాకా లోపల గమ్మున పడుకోనుంటాదంట, ఆ తేదీ కనపడంగానే లేచి అంతా తుడిచేస్తాదంట. మనింట్లో రెండు దినాలు ముందే లేచింది. సోమవారాన్ని శనివారమే తెచ్చి దాని ముందర పెట్టినాము కాబట్టి.

అయ్యో, ఏంది మామా ఇది? ఏడవొద్దు. కండ్లు తుడుచుకో, ఎవురైనా చూస్తారు.

ఏమంటివి? డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే నువ్వే చెప్తావా? 'తేదీ మార్చమన్నది నేను, బొట్టు పెట్టింది నేను, ఆ బిడ్డను ఏమీ అనొద్దండి' అని చెప్తావా?

ఆ మాట అనొద్దు. ఇంకొక తూరి అనొద్దు మామా, నీకు దండం పెడతా.

కొంచం అట్లా వీధి పక్క తిరుగు. నీ మొగం చూస్తా చెప్పలేను.

పోయిన గురువారం గిరి వచ్చినాడే, నువ్వు అన్నానికి పోయుంటివి. అప్పుడే కనిపెట్టినాడు లోపల వైరస్ ఉందని. 'దాన్ని తుడిచే కొత్త డిస్కు తెప్పిస్తా ఉండా అక్కా, ఆదివారం వచ్చి కడిగేస్తా. అంతదాకా ఒక్కటే జాగ్రత్త. ఈ మిషన్ ఇరవై ఆరో తేదీని చూడగూడదు' అన్నాడు. నా ఎదురుగా నిలబడి, ఇంత స్పష్టంగా అన్నాడు.

నీకు చెప్పాలనే ఉంటిని. శనివారం పొద్దున, బాలసుందరం ఎదర, 'మామా, మిషన్లో వైరస్ ఉందంట' అని మొదలుపెట్టినా. నువ్వు నవ్వినావు. 'మిషన్‌కు జలుబా? మన సిరప్పే ఒక చెంచా పొయ్యి' అన్నావు. ఆయన పడీ పడీ నవ్వినాడు. 'మా కోడలు ఆ పెట్టెను చంకనేసుకోని సాకతాదండీ' అని ఇంకా చెప్తానే ఉంటివి. బి.కాం. చదివి, ఇన్నేండ్లు నీ అంగడి మోస్తా ఉంటే, వచ్చినోళ్ళ ముందర నేను నీకు నవ్వులాటా? నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట ఆరకముందే తేదీ మార్చమన్నావు. నీకు తెలీదు. నాకు తెలుసు మామా. రెండు కొట్టినా, ఆరు కొట్టినా. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగినా కూడా. గిరి మాట చెవుల్లో వినపడతానే ఉంది.

పోతే పోనీ అనుకున్నా. ఫ్లాపీలు ఉండాయి కదా, గిరిని పిలిచి ఒక పూట కూర్చుంటే అంతా మళ్ళీ ఎక్కించేస్తా. అంతలోపల ఈ పెద్దమనిషి నా చుట్టూ తిరగాల, 'నందితా, నువ్వే దిక్కమ్మా' అనాల. అంతే! ఆ ఒక్క మాట వినాలని కొట్టినా. మిషన్ అసలు లేవనే లేవదని నేను కలగన్నానా?

సిరప్పు సంగతి అప్పటికి తెలీదు. అమ్మ మీద ఒట్టు, తెలీదు. తెలిసుంటే ఈ చెయ్యి నరుక్కోనుందును.

ఇంతసేపూ కుంకం, సీడీ అని ఎందుకు అరిచినాననుకున్నావు? నీ తప్పు పెద్దదిగా కనపడితే నాది కనపడదని. నువ్వు ఏడవకుండా ఉండుంటే ఇంకా అరుస్తానే ఉందును.

ఎవురైనా అడిగితే ఊరంతా పోయింది, మాదీ పోయింది అని చెప్పొచ్చు. నమ్ముతారు కూడా. ఊరికంతా అది దానంతట అదే వచ్చింది. మనింటికి మాత్రం నేను తెలిసి పిలిచినా.

తిట్టు మామా. ఒక్క మాటైనా తిట్టు.

వద్దు, తల మీద చెయ్యి పెట్టొద్దు. తియ్యి. ఆ చెయ్యి తియ్యి మామా. ఈ పాటికి ఏదో ఒక ఇంట్లో బిడ్డ ఒళ్ళు పట్టి చూసి, ఆ సీసా మూత తీస్తా ఉంటారు.