మళ్ళీ రండి

నార్వేలోని బెర్గెన్‌లో ఆ పొద్దున కూడా వాన పడుతూనే ఉంది. అంత్యక్రియలు జరిపించే తన కొట్టులో కూర్చున్న ఆమె, ప్రచారం పనులు చూసే అతను లోపలికి రాగానే ఫోను తీసి అతని ముఖం ముందు పెట్టింది.

“ఏమయ్యా, ఇది నువ్వు పంపించిందేనా?”

“అవును మేడం. ‘మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, మళ్ళీ రండి, తగ్గింపు ఇస్తాం.’ పాత కస్టమర్లందరికీ వెళ్ళింది.”

“శవపేటికలమ్మే కొట్టుకి మళ్ళీ రమ్మంటావా? బుద్ధుందా నీకు?”

“నేను ప్రచారం చూసే చేపల కొట్టుకి ఇదే బాగా పనిచేసింది మేడం. నెట్‌లో వెతికితే ముందు మీ పేరే వస్తోంది, ఫేస్‌బుక్‌లో లైకులు పెరిగాయి, ఇక మిగిలింది ఫోన్లకి మెసేజ్‌లు పంపడమే కదా అని...”

“చేపలూ మనుషులూ ఒకటేనా నీకు? చలికాలంలో మొగుణ్ణీ, మొన్న వేసవిలో కొడుకునీ సాగనంపిన బోర్గ్‌హిల్డ్‌కి కూడా పంపావు. ఇందాకే తడుచుకుంటూ వచ్చి వెళ్ళింది.”

“తిట్టిందా?”

“తిట్టినా బాగుండేది. ‘మా ఇంట్లో ఇక మిగిలింది నేనొక్కదాన్నే, ఈసారి నేనే రావాలా?’ అనడిగింది.”

జేబులో అతని ఫోను మోగింది.

“ఆవిడే. నీ నంబరు నేనే ఇచ్చాను. ఎత్తు, రావాలో అక్కర్లేదో నువ్వే చెప్పు.”