పిప్పరమెంటు దిద్దుబాటు

వారపత్రిక ఆఫీసులో సంపాదకుడి గది. బల్లకు అటు సంపాదకుడు. ఇటు, ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ పత్రికకు ప్రూఫులు దిద్దుతున్న పెద్దావిడ. మధ్యన కాగితాల కట్టల చాటున చిన్న నూనె సీసా.

"...రెండు కిలోలు, నాయనా! మూడు వారాల్లో రెండు కిలోలు పెరిగాను. ఇది ఆకలి తగ్గించే వైద్యమట!"

"అమ్మగారూ, ముందు కూర్చోండి."

"కూర్చుంటే నీ కుర్చీకి ప్రమాదం. ఆ కిటికీ ఎందుకు తెరిచావు? కాగితాలన్నీ ఎగిరిపోతున్నాయి."

"గదిలో కాస్త ఘాటుగా ఉందని..."

"నా మాటలు ఎప్పుడూ ఘాటే. విను. మీ డాక్టరమ్మ వ్యాసం, అక్షరం పొల్లుపోకుండా చదువుతున్నాను. 'రెండు గంటలకొకసారి పిప్పరమెంటు చప్పరించండి. జ్ఞాపకశక్తి పెరుగుతుంది. ఆకలి తగ్గుతుంది.' చప్పరించాను. సీసాడు బిళ్లలు చప్పరించాను. ఉన్న పన్నొకటి కదిలింది. కళ్లజోడు మొన్న ఫ్రిజ్‌లో కూరల అరలో దొరికింది."

"మీరు కూడా నమ్మారా అమ్మగారూ?"

"అదే నా కడుపుమంట! అచ్చయిన ప్రతి మాటనీ అనుమానించి బతికినదాన్ని. జ్ఞాపకశక్తి అనేసరికి చంటిపిల్లలా సంచిలో బిళ్లలు పోసుకు తిరిగాను. మా మనవరాలు తన బిళ్లలు నాకు కనపడకుండా దాచుకుంటోంది. సరే, నా భాగోతం వదిలెయ్. పాఠకుల ఉత్తరాలెన్ని వచ్చాయి?"

"నలభై ఒకటి."

"షుగరున్నవాళ్లు?"

"పదకొండుమంది."

"ఆ డాక్టరు పిల్లని తీసెయ్. ఇవాళే. లేదా నేను మానేస్తాను."

"యజమానిగారూ అదే అంటున్నారు. ఆ అమ్మాయిని తీసేస్తున్నట్టు ఉత్తరం కూడా టైపయింది. కానీ..."

"కానీ ఏమిటి?"

"పొద్దున్నే ఆ అమ్మాయి వచ్చింది. ఈ నూనె సీసా ఇక్కడ పెట్టి, 'నేను రాసింది దీని గురించి సార్' అంది. ఏడ్చి వెళ్లింది."

"ఏడిస్తే తప్పు ఒప్పవుతుందా? నూనె చప్పరించమందా?"

"పీల్చమంది. వాసన."

"పత్రికలో చప్పరించమనే ఉందే!"

"...ప్రూఫు చూస్తారా?"

"ఎందుకూ? నేను చూడని ప్రూఫా?"

"ఒక్కసారి చూడండి. నా మాట వినండి."

"ఇటివ్వు. నా కళ్లజోడు... నెత్తినే ఉంది, నవ్వకు. ఊఁ. 'పెప్పర్‌మింట్' కొట్టేసి పక్కన 'పిప్పరమెంటు'. సబబే. మన నాలుక ఏనాడో నమిలి తనది చేసుకున్న మాట. ఎవరు దిద్దారో గాని చదువుకున్నవాళ్లే."

"అవునండి."

"'పీల్చండి' కొట్టేసి 'చప్పరించండి'. అదీ సబబే. బిళ్లని ఎవరైనా పీలుస్తారా? తరవాత... 'పెరగవచ్చు' తీసి 'పెరుగుతుంది'. 'తగ్గవచ్చు' తీసి 'తగ్గుతుంది'. అంచున ఏదో రాశారు... 'నంగిమాటలు వద్దు'."

"చదివారుగా. ఇక ఇటిచ్చెయ్యండి."

"ఆగు. 'నంగిమాటలు వద్దు' అని ఈ ఆఫీసులో ఎవరు రాస్తారు?"

"ఒక్కరే రాస్తారండి."

"ఈ ఎర్రసిరా..."

"మీదేనండి."

"నాకు... దిద్దిన గుర్తు లేదు."

"పోనిద్దురూ. రోజుకెన్ని ప్రూఫులు, ఎన్నని గుర్తుంటాయి?"

"నాకు ప్రతి దిద్దుబాటూ గుర్తుంటుంది. నువ్వు కొత్తలో పెళ్లివార్తలో 'సంతోషం' బదులు 'సంతాపం' వేశావు. అదీ గుర్తుంది. ఇది లేదు."

"అమ్మగారూ..."

"రాసుకో. 'సవరణ. రచయిత్రి పెప్పర్‌మింట్ నూనె వాసన పీల్చమన్నారు. మేలు జరగవచ్చన్నారు, జరుగుతుందనలేదు. తప్పు ప్రూఫులు దిద్దినావిడది.' 'వయసు మళ్లినావిడ' అని కలపకు, జాలిపడతారు. ఆ టైపయిన ఉత్తరంలో పిల్ల పేరు కొట్టేసి నా పేరు వెయ్యి. ఆ దిద్దుబాటు మాత్రం నన్ను అడక్కు, అందులోనూ తప్పు చేస్తానేమో."

"మీరు లేకుండా ఈ పత్రిక ఎలాగండీ?"

"తప్పులు తక్కువగా వస్తుంది. అడుగున ఇంకో వాక్యం కొట్టేశానే! ఏమిటది? చదువు, అక్షరాలు అలుక్కుపోయాయి."

"వద్దులెండి."

"చదవమన్నానా!"

"'ఇంత ఘాటైన వాసన కూడా ముక్కుకు తెలియకపోతే, అది మతిమరుపు జబ్బుకు తొలిగుర్తు కావచ్చు. డాక్టరుకు చూపించుకోండి.'"

"చోటు చాలక కొట్టేసి ఉంటాను. అయినా అంత ఘాటు తెలియనిది ముక్కెలా అవుతుంది, కళ్లజోడు నిలబెట్టే మేకు గాని! సరే. మూడు వారాలు తప్పుమందు మింగాను, ఒక్కసారి అసలుమందు చూద్దాం. ఆ సీసా ఇలా తే. మూత తియ్యి."

"తీసే ఉందండి, అమ్మగారూ. పొద్దుటినుంచీ."