మర్జూకి మామ చూసిన చిగురు

ఏదీ, ఆ పొట్లం ఇలా తే. ఏవిటిది, దాల్చినచెక్క పొడా? బజార్లో కొన్నావుటే యెన్నీ? చుట్టూ చెక్క పండే ఊళ్ళో పుట్టి బజార్లో పొడి కొనుక్కొచ్చావూ! బాగానే ఉంది సంబడం. ఆగు, నాలిక మీద వేసుకోనీ. ఊఁ... రంపప్పొట్టు. పారెయ్యకులే, కొబ్బరిపాలల్లో అరటిపళ్ళు ఉడికించేటప్పుడు వేసెయ్, పిల్లలకేం తెలుస్తుంది. మా మర్జూకి మామ బతికుంటే ఈ పొట్లం మొహాన కొట్టేవాడు. నీ మొహాన కాదులేవే, ఆ కొట్టువాడి మొహాన. ఎవరా? మా అమ్మకి అన్న. నువ్వు చూళ్ళేదు, మీ అమ్మే చూళ్ళేదు.

ఆయన ఎలా ఉండేవాడంటే, ఎప్పుడూ టోపీ మడతలో రెండు చెక్కముక్కలు. కూచున్నా లేచినా ఒకటి బుగ్గన పెట్టుకునేవాడు. ఆయన కళ్ళు మూసుకున్నాక ఏ చెక్క నోట్లో పెట్టినా చాలు, "ఇది సరస్సు ఒడ్డుది, నీళ్ళు తాగి బలిసింది, ఘాటు లేదు" అనేవాడు. ఇంకోటి పెడితే, "ఇది పైకొండది, చలికి ముడుచుకుని పెరిగింది, పన్నెండేళ్ళుంటాయి, ఎండబెట్టేటప్పుడు మాత్రం వాన తడిపింది, వెధవలు చెప్పట్లేదు" అనేవాడు. అమ్మేవాడు నోరెళ్ళబెట్టేవాడు. ఏడాదికి మూడుసార్లు లారీ ఎక్కి కొండ దిగి పాదాంగ్ వెళ్ళేవాడు, ఓడరేవులో వర్తకులు మూట విప్పకుండా ఈయన కోసం కాచుక్కూచునేవారట. వచ్చేటప్పుడు నాకు సముద్రపు ఎండుచేప తెచ్చేవాడు. దారిలో వాంతులు చేసుకుంటూ వచ్చేవాడు పాపం, ఆ మలుపులు అలాంటివి, ఇప్పటికీ అలాగే ఉన్నాయిగా, మొన్న మీ ఆయన కూడా... సర్లే, ఆ గోల ఎందుకు. చెప్పొచ్చేదేమిటంటే, చెక్క విషయంలో మామ అబద్ధం ఆడడు. కన్నతల్లి మూట అయినా సరే, బాగాలేకపోతే బాగాలేదనేవాడు. మా అమ్మమ్మ మూటనే ఒకసారి నలుగురిలో తీసి అవతల పెట్టాడు. ఆవిడ నెల్లాళ్ళు అన్నం పెట్టలేదు.

నేను పుట్టినప్పుడు మా కొండ పైవాలు మీద నా పేరు చెప్పి అరవై మొక్కలు పాతాడు మామ. అప్పట్లో ఆడపిల్ల పుడితే మేనమామ పని అది. పిల్ల పెళ్ళికి ఆ చెట్లు కొట్టి, చెక్క ఒలిచి, మొదటి ఒలుపు పళ్ళెంలో పెట్టి పెళ్ళివారింటికి పంపాలి. అది వెళ్ళకుండా పెళ్ళి లేదు. అయితే ఎప్పుడు పడితే అప్పుడు కొట్టటానికి లేదు కదా. కొత్త చిగురు ఎర్రగా వేసి ఉన్నప్పుడు గొడ్డలి తగలకూడదు. అప్పుడు కొడితే బెరడు కర్రని వదలదు, పాతగుడ్డలా ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది. ఆ ఎర్రాకు పచ్చబడాలి. పచ్చబడ్డాక చూడు, చెయ్యి పెడితే చాలు, అరటితొక్కలా వచ్చేస్తుంది. ఇది నీకు చెప్పక్కర్లేదులే. ఏమో, పొడి కొనేదానివి, చెప్పాలేమో కూడా!

నాకు పద్దెనిమిదో ఏట సంబంధం వచ్చింది. సుంగై పెనూ పట్నంలో చెక్క గిడ్డంగి ఉన్న హాజీ తర్మీజీ కొడుకు, హస్బీ అని. గిడ్డంగి అనగానే మా అమ్మ పొంగిపోయింది. పెద్దల ముందు మాట ఇచ్చేసింది, మామ కూడా తలూపాడు. ఆ తర్వాత వాడు పిల్లని చూడ్డానికి వచ్చాడు. ఇదిగో, ఈ పొయ్యి పక్కనే కూచున్నాడు. కొబ్బరిచిప్పలో కాఫీ ఆకుల కషాయం ఇచ్చాను, దాల్చినపుల్ల వేసి. తాగాడు. అడుగున మిగిలిన వేడి కషాయం ఉంది చూడూ, అది పక్కన పడుకున్న పిల్లి మీద పోశాడు. అది అరుచుకుంటూ పరిగెత్తింది. వాడు నవ్వాడు. కోపం వచ్చి పోసినా బాగుండునంటాను నేను. ఊరికే, తోచక పోశాడు. మన ఆచారం తెలుసుగా, మగాడే వచ్చి మనింట్లో ఉంటాడు. ఈ మనిషి రేపట్నించీ ఈ పొయ్యి దగ్గరే, జీవితాంతం, అనుకున్నాను. చెప్పటం ఎవరికి? ఇచ్చిన మాట తప్పితే గేదెని కోసి ఊరంతటికీ భోజనం పెట్టి, నలుగురిలో తల వంచుకోవాలి. మా అమ్మ ఆ సిగ్గుకి చచ్చిపోయేది. నేను నోరు మూసుకున్నాను.

నోరైతే మూసుకున్నాను గానీ చెయ్యి ఊరుకోదుగా. ఆ వారం మామ వేరేవాళ్ళ చెక్క తెస్తే పైపొట్టు గీకటానికి కూచున్నాను. ఆ పనిలో నాకు మంచి పేరు. అలాంటిది ఆ వేళ గీకి గీకి లోపలి చెక్క కూడా తినేశాను, ఒకటి కాదు, తొమ్మిది పట్టీలకి చిల్లులు. మామ వచ్చి ఒక పట్టీ తీసి కంటికెత్తి పట్టుకుని ఆ చిల్లులోంచి నా మొహం చూశాడు. తిడతాడనుకున్నాను. "పిల్లి ఎలా ఉంది?" అన్నాడు. వీపు మీద బొబ్బలెక్కాయన్నాను. "ఊఁ" అన్నాడు, పట్టీ కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక అక్కణ్ణించి చూడు. హాజీ ఆ ఏడు మళ్ళీ మక్కా ఓడెక్కాలి, ఎక్కేలోగా కొడుకు పెళ్ళి కళ్ళారా చూడాలని ఆయన తొందర. సంబంధం తెచ్చిన రొసీదా వారానికోసారి వచ్చేది, "ఏవమ్మా, చెట్లు ఎప్పుడు కొడతారు?" అంటూ. మామ పైకి వెళ్ళొచ్చి చెమట తుడుచుకుంటూ, "ఇంకా ఎర్రగానే ఉన్నాయి" అనేవాడు. వారం తర్వాత, "కిందివి పచ్చకి తిరిగాయి, పైవి తిరగలేదు." ఇంకో వారం, "మా వాలు మీద చలెక్కువ, ఆలస్యం." చుట్టుపక్కల కొండల మీద అందరూ ఒలుపులు మొదలెట్టేశారు, ఊరంతా ఘుమఘుమ. మా చెట్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయట! ఆయన మాట కాదనటానికి ఎవడికి గుండెలుంటాయి చెప్పు? చివరికి రొసీదా ఉండబట్టలేక, "మీ అన్నయ్యకి కళ్ళు మసకలేమో, ఇంకొకర్ని పంపి చూపించండి" అంది. దానికి మా అమ్మ, "దీన్నే పంపుతాను. దీని పెళ్ళే కదా, దీనికన్నా తొందర ఎవరికుంటుంది?" అంది. అదీ నిజమే కదా అనుకున్నారు అందరూ.

ఆ తర్వాత హస్బీ ఏమయ్యాడంటావా? ఓడ టైముకి వేరే ఊరి పిల్లని చేసుకున్నాడు. ఆ పిల్ల ఏడాదికే వాణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టింది, దమ్మున్న మనిషి. మాట తప్పింది వాళ్ళే కాబట్టి గేదె ఖర్చు కూడా వాళ్ళదే, నేనూ తిన్నాను రెండు ముక్కలు. మామకి మాత్రం దెబ్బ తగిలింది. "మర్జూకికి ఎరుపూ పచ్చా తెలియట్లేదుట, ముసలాడయ్యాడు" అని ఓడరేవు దాకా పాకింది. మూడేళ్ళు ఏ వర్తకుడూ మూట చూడమని పిలవలేదు. ఆయన ఇంట్లో కూచుని టోపీలోని చెక్క నములుకుంటూ ఉండేవాడు. ఒకసారి, "నిజం చెప్పేస్తాను మామా" అన్నాను. "నోర్మూసుకుని గీకు. ఈసారి చిల్లులు పెట్టకు" అన్నాడు. పోనీలే, తర్వాత మీ తాతయ్యతో పెళ్ళికి అవే చెట్లు కొట్టారు. మూడేళ్ళు ఎక్కువ నిలబడ్డాయేమో, ఇంత మందాన వచ్చింది చెక్క. పాదాంగ్ నించి వర్తకులు వెతుక్కుంటూ వచ్చి మామ కాళ్ళ దగ్గర కూచున్నారు. హమ్మయ్య అనిపించింది నాకు, నా పెళ్ళికన్నా దానికి.

అసలు నేను పైకెళ్ళిన సంగతి చెప్పలేదు కదూ. రెండు గంటలు ఎక్కాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా మా వాలు. ఒక్క ఎర్రాకు లేదే యెన్నీ. ఒక్కటంటే ఒక్కటి. ముదురాకుపచ్చ, కళ్ళు చెదిరేలా. ఎన్నాళ్ళ కిందటే తిరిగిపోయాయో! మామ కాపలా గుడిసె ముందు కూచుని కషాయం తాగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, కంగారు పడలేదు. నేను చెట్ల మధ్యకి వెళ్ళి ఒక్కో చెట్టూ పట్టుకు చూశాను, పిచ్చిదానిలా. గోటితో గీరితే బెరడు జారిపోతోంది. వెనక్కి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను, ఏడుపొచ్చింది. "చూశావుగా. కిందకెళ్ళి ఏం చెప్తావో నీ ఇష్టం" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి రొసీదా, అటూ ఇటూ ఇద్దరు పెద్దలు, మధ్యలో మా అమ్మ. "ఏవే, ఎలా ఉన్నాయి?" అంది అమ్మ. "ఎర్రగానే ఉన్నాయమ్మా. మామ చెప్పింది నిజమే" అన్నాను. అమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత నా తల వైపు చూసింది. లేచి దగ్గరికొచ్చి నా జుట్టులో చెయ్యి పెట్టి ఏదో తీసింది. దాల్చినాకు, ఇంత పొడుగుది. చెట్ల మధ్య తిరిగినప్పుడు చిక్కుకుందన్నమాట. ఈ ఏటి కొత్తాకే. పచ్చది. నా ప్రాణం అక్కడికక్కడే పోయింది. అమ్మ దాన్ని గుప్పిట్లో మూసింది. నడుచుకుంటూ పొయ్యి దగ్గరికెళ్ళి మంటలో పడేసింది. చిటపటమని కాలింది, ఇల్లంతా వాసన. అప్పుడు వెనక్కి తిరిగి, "విన్నావుగా రొసీదా. ఎర్రగానే ఉన్నాయట" అంది.

...

ఊఁ? ఏంలేదే. పొగ కళ్ళల్లో పడింది. బియ్యం కడిగావా?