పసుపు చేతుల గోడ

చనిపోయిన అక్క ఇంట్లో అడుగుపెట్టిన సంతోషి గోడ ముందు ఆగిపోయింది. పాల్మాకులలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు, గృహప్రవేశం నాడు అక్క గోడకు అద్దిన పసుపు చేతుల ముద్రలు మాయమయ్యాయి. ఇప్పుడు గోడంతా ఇసుక అలల్లాంటి టెక్స్చర్, దానిపైన అద్దంలా మెరిసే పూత.

“ఎవడు చేసిండు బావా ఇది?”

“తుక్కుగూడ నుంచి వచ్చిన రంగుల పనోళ్లు.”

“అక్క చేతులు కనవడలేదా? కండ్లు పోయినయా వాళ్లకు? ఫోన్ కలుపు, నేనడుగుత.”

“వాళ్ల తప్పేం లేదు. ‘గీ చేతులు ఇడిచిపెట్టి చుట్టూ వేద్దామా అన్నా’ అని అడిగిన్రు.”

“మరి?”



“నేనే కప్పుమన్న.”

“ఏంది, అప్పుడే మరిచిపోదామనా? ఇగ కొత్త పెండ్లి గిట్ల కుదిరిందా?”

“గట్ల అనకు సంతోషీ. రోజూ పొద్దున ఆ చేతుల మీద నా చెయ్యి పెట్టేటోణ్ణి. పెట్టినప్పుడల్లా జర పసుపు నా చేతికి అంటుకొని వచ్చేది. ఒక చెయ్యి సగం చెరిగిపోయింది. మీ అక్కను నేనే తుడిచేస్తున్ననని భయమైంది. ముట్టకుండ ఉందామంటే నాతోని కాలే. అందుకే, లోపలనన్న పదిలంగ ఉంటయని కప్పించిన.”