ఎడమ చెవికి పెట్టు

హలో… ఆ, నేనేరా, నేనే. మీ బావని. అదేంటి, గొంతు దించి మాట్లాడతావు?… మీ అక్క పక్కనే ఉందా? ఉంటే ఏం భయం! నువ్వు మైకు పెట్టి అరిచినా దానికి వినపడదు కదా—

సరే, సరే. వెటకారం మానేశాను. ఇదిగో, మానేశాను.

ఒక్క మాట అడుగుతాను, బామ్మర్దీ. ఇంకాసేపట్లో టీవీలో చర్చ. ఎన్నికల ముందు ఇదే ఆఖరుది. కళ్లజోడాయనా, బట్టతలాయనా… తెలుసురా, నీకు తెలుసని నాకూ తెలుసు. నేనడిగేది అది కాదు. మీ అక్క ఎక్కడ చూస్తుంది?

…నీ ఇంట్లోనా.

…లేదు లేదు, నేనేమీ అనుకోలేదు. ఇక్కడ దాని కుర్చీ తుడిచి పెట్టాను, అంతే. టీవీకి ఎదురుగా. పక్కన నాది. నేనెప్పుడూ దానికి ఎడమవైపే కదా కూర్చునేది…

…నన్ను ఒక్కడినే చూసుకోమంటావా? ఏం చూడమంటావురా? కళ్లకి పొర కమ్మేసింది. డాక్టరేమో ఇంకా ముదరాలి అంటాడు, అదేదో పాదు మీదున్న దోసకాయైనట్టు. టీవీలో నాకు కనిపించేది ఒక తెల్ల మబ్బు, ఒక నల్ల మబ్బు. రెండు మబ్బులూ తిట్టుకుంటాయి. చప్పట్లు వినిపిస్తాయి. ఎవరికి కొట్టారో, కొడుతుంటే రెండోవాడి మొహం ఎలా మాడిపోయిందో నాకెవరు చెప్పాలి? మీ అక్కే కదా చెప్పేది! దాని చెవుల్ని మగ్గాల మిల్లు తినేసింది, నా కళ్లని వయసు తినేసింది. నేను విని చెప్పాలి, అది చూసి చెప్పాలి. ఇన్నేళ్లూ మా ఇంట్లో టీవీ నడిచింది కరెంటు మీద కాదురా, మా ఇద్దరి మీద.

…ఆ, చెప్పాను. అబద్ధం చెప్పాను. మళ్లీ మొదలుపెట్టకు.

…అబద్ధమని కూడా కాదు, కాస్త మెరుగు పెట్టాను. పోయినసారి చర్చలో కళ్లజోడాయన ఏవో లెక్కలు చెబుతున్నాడు, చప్పగా. మీ అక్క ఆయన మనిషాయె. ఆయన పోస్టరు తన కుట్టు దుకాణం తలుపు మీద అంటించుకుందాయె. నేను బట్టతలాయన మనిషిని. నోరు దురద పెట్టింది. 'కుట్టుమిషన్లకి పన్ను వేస్తానంటున్నాడే మీ వాడు' అన్నాను. అది నవ్వుతుందనుకున్నానురా! నా కోతలు దానికి కొత్తా? కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే రోజుల్లో, 'మూడోసారీ' అని నేను అరిస్తే బండి మీద గుమ్మడికాయ పగిలిందని చెబితే, 'ఒకటేనా?' అని అడిగిన మనిషి అది…

…నవ్వలేదు. నమ్మింది. అదే నా ఖర్మ.

…తెలుసు. మర్నాడు పొద్దున్నే ఆ పోస్టరు చింపేసిందనీ తెలుసు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ పోట్లాడిందనీ, ఆ టీచరమ్మ తన ఫోన్లో చర్చంతా తిప్పి చూపించి, అలాంటి మాటే లేదని తేల్చిందనీ, దుకాణం దుకాణమంతా పగలబడి నవ్విందనీ… నాకు చెప్పకు. దాని మొహం నేను చూడలేదు, నిజమే. కానీ షట్టర్ దించిన చప్పుడు ఇంట్లోంచి విన్నాను. లోపలికొచ్చింది. కత్తెర తీసుకుంది. వెళ్లిపోయింది. కట్టుకునే బట్టలు వదిలేసి కత్తెర తీసుకెళ్లిందంటే అది మామూలు అలక కాదని నాకు తెలియదా?

…వద్దు, నేనేం ఏడవట్లేదు. జలుబు.

…మీ అక్క మాత్రం నాకెప్పుడూ ఒక్క మొహం కూడా మార్చి చెప్పలేదురా, అదే కదా నన్ను తినేస్తోంది. నా మనిషి పైచేయి అయిన రోజు కూడా, పళ్లు పటపట కొరుక్కుంటూ, 'మీ వాడి మొహం వెలిగిపోతోంది, చూడు' అనే చెప్పింది. నన్ను చూడమంటుంది, గుడ్డివాణ్ణి!

సరే, ఇదిగో. ఓ పని చెయ్యి. దాన్ని స్కూటరెక్కించి తీసుకొచ్చెయ్. నేనడిగానని చెప్పకు. చార్జరు తెచ్చుకోవాలనో, ఇంకేదో—

…రానందా. అడిగే చెబుతున్నావా?… అడిగావా, ఊరికే తల అడ్డంగా ఊపావా?

పోనీ నేనే వస్తాను.

…మీ మెట్లు నాకు తెలుసులేరా. కింద నీ ఇస్త్రీ దుకాణం, పక్కనుంచి నిచ్చెనలాంటి మెట్లు, పట్టుకుందామంటే గోడ తప్ప ఏమీ ఉండదు. దొర్లుకుంటూ దిగేవాళ్లని చూశాను, దొర్లుకుంటూ ఎక్కినవాణ్ణి నేనే అవుతాను—

…ఏమంది?

…నేను పైకొస్తే తను కిందికి దిగి ఇస్త్రీ బల్ల మీద కూర్చుంటానందా. చర్చ చూడకపోయినా ఫరవాలేదందా.

…

పోనీ మధ్యలో టీ కొట్టుంది కదా. నీకూ నాకూ సమాన దూరం. అక్కడ టీవీ— వద్దులే. అక్కడ కుదరదు. నిన్న నేనే వెళ్లి చూసొచ్చాను, ఎలా ఉంటుందోనని. పక్కనున్నాయనతో చాలాసేపు రాజకీయాలు మాట్లాడాను. ఎంత మంచి మనిషో, ఒక్క మాటకీ అడ్డు రాలేదు. ఎవరి మొహం ఎలా ఉంది సారూ అని అడిగితే మాత్రం ఉలకడు, పలకడు. చివరికి కొట్టువాడొచ్చి, 'తాతా, అది కొక్కేనికి తగిలించిన నా రెయిన్‌కోటు' అన్నాడు… నవ్వరా. ఫరవాలేదు. నువ్వైనా నవ్వు.

…పక్కింటి డ్రైవర్నీ అడిగాను. వచ్చి కూర్చుంటాడట, మంచివాడే. కానీ వాడికి అందరి మొహాలూ ఒకేలా కనిపిస్తాయి. 'ఎలా ఉన్నాడురా?' అంటే 'బానే ఉన్నాడు పెద్దాయనా' అంటాడు. బానే ఉంటే చర్చకెందుకొస్తాడు!

…ఏంటి? కింద ఏం వస్తాయి?

…అక్షరాలా? మనుషులు మాట్లాడుతుంటే టీవీలో కింద అక్షరాలు పడతాయా? నీ కొత్త టీవీలోనా?… అన్ని మాటలూనా?

…అంటే అది చదివేసుకుంటుందన్నమాట.

…అంటే దానికి నేను అక్కర్లేదు.

…ఉన్నాను. వింటున్నాను, చెప్పు… ఆ. మంచిదే. అక్షరాలు కోతలు కొయ్యవు కదా. మంచిదేలే… ఇన్ని రోజులూ ఒక ధైర్యం ఉండేదిరా బామ్మర్దీ. కోపం ఎంతున్నా దాని చెవి నా దగ్గరుంది, అది వదిలేసి ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ఇప్పుడు చెవి కూడా నువ్వే కొనిపెట్టావు.

…నిన్నేమీ అనట్లేదు. నువ్వు తమ్ముడివి, తమ్ముడు చెయ్యాల్సిందే చేశావు.

కట్ చెయ్యకు! ఒరేయ్, ఒరేయ్… దండం పెడతాను, కట్ చెయ్యకు. మొదలైంది. ఇక్కడా మొదలైంది, అదిగో బాజా. ఫోను అలా బల్ల మీద పడెయ్. నేనేమీ మాట్లాడను. అది కూర్చున్న గది వింటూ కూర్చుంటాను, అంతే… ఎంతోసేపు ఉండదులే, ఇందులో చార్జింగ్ కూడా అడుగంటింది. వైరు గుచ్చే ఆ సన్న చిల్లి నాకు చేతికి దొరకదు. రోజూ గుచ్చేదీ అదే కదా.

…

…

…ఎవర్ని తిడుతోంది? నన్నేనా?

…టీవీనా! ఏమని?

…ఆలస్యంగా పడుతున్నాయా అక్షరాలు?… కళ్లజోడాయన నోరు మూసుకున్నాక ఆయన మాటలు బట్టతలాయన మొహం కింద పడుతున్నాయా! అమ్మ దొంగ టీవీ… ఇద్దరూ ఒకేసారి అరిచేసరికి ముద్దముద్దగా వచ్చేస్తున్నాయా. ఏ మాట ఎవరిదో తెలియట్లేదంటుందా. ఇంకా?… చదువుతూ కూర్చుంటే మొహాలు తప్పిపోతున్నాయా.

ఒరేయ్. నా బంగారు కొండా. ఫోను దానికివ్వు… తీసుకోదు, తెలుసు. నువ్వే పెట్టు. ఎడమ చెవికి పెట్టు. కుడిది కాదు, కుడిది మొత్తం మిల్లుకే రాసిచ్చేసింది. ఎడమ చెవికి, మరీ ఆనించకు, గరగరమంటుంది. కాస్త ఎడంగా… నా గొంతు వినపడకపోవడమేంట్రా! గుమ్మడికాయ సంగతి మర్చిపోయావా? నువ్వు పెట్టు.

…పెట్టావా?

ఏమే.

…నేనే.

…మాట్లాడొద్దులే. మాట్లాడమని నేనడగను. విను, చాలు. ఇప్పుడు బస్సుల సంగతి అడిగారు. చీకటి పడితే బస్సులెందుకు ఉండవు అని. బట్టతలాయన చెబుతున్నాడు. ఆగు… 'ఉన్న బస్సులే ఎక్కువ, జనం నడవడం మర్చిపోయారు' అన్నాడు.

…ఒట్టు! మా వాడే అన్నాడు. నేను కలపలేదు. కలిపేవాణ్ణయితే నా మనిషికి ఇలాంటి మాట కలుపుతానా? నన్ను నమ్మకు. అక్షరాలు వచ్చేదాకా ఆగు, నీ కళ్లతో నువ్వే చూసుకో.

…వచ్చాయా?

…ఇంకా రాలేదా. వస్తాయి. కంగారేం లేదు. ఆగుతాను.

…

…సరిపోయిందా?

హమ్మయ్య.

ఇప్పుడు మీ వాడు. 'మిల్లు వదిలాక చీకట్లో…' ఉండు, చప్పట్లు అడ్డొచ్చాయి… 'మిల్లు వదిలాక చీకట్లో నడిచి ఇంటికెళ్లే ఆడవాళ్ల ఎదురుగా నిలబడి ఆ మాట మీరు అనగలరా?' అని అడిగాడు.

…

…బాగా అడిగాడే.

…ఆ, నేనే అంటున్నాను. బాగా అడిగాడు. నువ్వు అలా నడిచిన మనిషివి కదా. నేను మార్కెట్ దీపం పట్టుకుని మూల మలుపు దాకా ఎదురొచ్చేవాణ్ణి, నీ చెప్పుల చప్పుడు విని గుర్తుపట్టేవాణ్ణి… ఏంటి? సగం రోజులు రాలేదా?… సరే, సగం రోజులు రాలేదు. రాసుకో, అది కూడా కలపను.

అక్షరాలు చూశావా? నేను చెప్పిందే కదా?

…ఏంటీ? మళ్లీ అను.

…మా వాడు కాలరు సర్దుకుంటున్నాడా. నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేశాడా…

నేను అడగలేదే. నువ్వే చెప్పావు.

…లేదు లేదు, ఏమీ అనలేదు. చెప్పు. చెప్పవే, ఇంకా ఏం కనిపిస్తోంది? మీ వాడు కళ్లజోడు తీశాడా… తుడుస్తున్నాడా… నవ్వుతున్నాడా, నవ్వు ఆపుకుంటున్నాడా?… ఆహా. అది కదా. ఇప్పుడొచ్చింది నాకు బొమ్మ.

అయ్యో—

…నీకు వినపడదులే, ఇక్కడ ఫోను కుయ్యిమంది. చార్జింగ్ అయిపోతోంది… ప్రయత్నించానే! వైరు పట్టుకుని గంటసేపు తడుముకున్నాను, టీవీ రిమోట్లో గుచ్చబోయాను… తిట్టు. తిట్టుకో. తొందరగా తిట్టు, మధ్యలో ఆగిపోతే మిగతావి నేనెలా వినాలి?

…ఇప్పుడెలాగే? ఇంకా సగం చర్చుంది. నువ్వక్కడ, నేనిక్కడ…

…నన్నా? గుర్తుపెట్టుకోమంటావా? ఇద్దరూ అన్నదంతా?

…నువ్వు అక్షరాల జోలికి పోవు. మొహాలే చూస్తావు. ఆ… నేను మబ్బుల జోలికి పోను. మాటలే వింటాను. ఆ, అర్థమైంది. అయ్యాక?

…అయ్యాక వస్తావా?

…తమ్ముడి స్కూటర్ మీద. సరే. కత్తెర కూడా తెస్తావా?

…అది తర్వాత చూద్దామా. చూద్దాంలే. నేను తొందరపెట్టను.

…మిగతాది చెప్పించుకుని మళ్లీ వెళ్లిపోతావేమో, అదీ నీ ఇష్టమే. కానీ రా. రేపు నీ దుకాణం తెరిచే ముందు నేనొచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటాను. వచ్చినవాళ్లందరికీ వేలంపాట గొంతుతో చెబుతాను, ఆ పన్ను వేసింది కళ్లజోడాయన కాదు, నేనేనని. నన్ను చూసి నవ్వమంటాను.

…ఒక్కటి కూడా కలపను. ఆ. ఒక్కటి తగ్గించను కూడా. మీ వాడు బాగా చెబితే బాగా చెప్పాడనే చెబుతాను, పళ్లు కొరుక్కుంటూనైనా. నువ్వూ అంతే, మొహాలు ఉన్నవి ఉన్నట్టు పట్టుకురా. దారిలో ఒలికిపోకుండా—

కుయ్యిమంది మళ్లీ.

…ఏమే, ఇంకొక్కటి— ఉండు, మీ వాడు గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టాడు… అబ్బా, నువ్వు మాట్లాడుతుంటే నాకెలా వినపడుతుంది? కట్ చెయ్యవే! కట్ చెయ్యి, నేను వినాలి!